పూలతోటకు కరెంటు తీగ ఎందుకు?

"దుప్పులు పూలచెట్లు మేసేస్తా ఉండాయి, తీగ కట్టి రాత్రిపూట కరెంటు ఇస్తే సరిపోతుంది" అనే మాట ఈమధ్య మా వత్రాప్‌లో చాలా మామూలైపోయింది. టీ అంగడిలో అంటున్నారు, కొళాయి దగ్గర అంటున్నారు, బాగా చదువుకున్నవాళ్ళూ అంటున్నారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అట్లని నేను దుప్పుల పక్షాన వకాలత్తు పుచ్చుకోలేదు. "అడవి పక్కన ఇల్లు కట్టుకున్నారు గదా, అనుభవించండి" అనే ఇంకో రకం పెద్దమనుషులు ఉన్నారు. ఎక్కువగా ఊరి మధ్యలో, మేడ మీద నాలుగు కుండీలు పెట్టుకుని ఉండేవాళ్ళే ఈ మాట అంటారు. ముందు వాళ్ళకు జవాబు చెప్పి తర్వాత కరెంటు దగ్గరికి వస్తాను.

పూలతోట అంటే వాళ్ళకు సరదా. మా ఇంట్లో అట్లా కాదు. మా అవ్వకు ఇంటి వెనక పది మల్లె పొదలు, ఒక మడి కనకాంబరాలు, నాలుగు మందారాలు, గులాబీలు ఉన్నాయి. తెల్లవారకముందే లేచి మొగ్గలు కోసి, నారలో కట్టి, మూర లెక్కన పూల అంగడికి ఇస్తుంది. ఆ డబ్బుతోనే ఆమె చక్కెర జబ్బు మాత్రలు కొనుక్కుంటుంది. "కొడుకును అడగకుండా బతకాలి గదరా" అంటుంది. ఒక్క రాత్రిలో మల్లె చిగుళ్ళన్నీ పోతే మళ్ళీ మొగ్గ పట్టేదానికి వారాలు పడుతుంది. అన్ని వారాలూ ఆమె చెయ్యి చాపాలి. ఎకరాల్లో పంట పోయినవాళ్ళు అటవీ శాఖకు అర్జీ పెట్టుకుంటారు. పది మల్లె పొదలకు ఏ ఎకరం లెక్క కడతారు? కాబట్టి ఇది చిన్న విషయం అని ఎవరూ అనవద్దు.

అసలు మన ఈ పక్క పూలతోటంటే ఎంత గౌరవమో చూడండి. పక్కనే శ్రీవిల్లిపుత్తూరు. పెరియాళ్వారు అక్కడ నందనవనం పెంచి స్వామికి రోజూ మాలలు కట్టినాడనీ, ఆ తోటలోనే తులసిచెట్టు కింద ఆండాళ్ దొరికిందనీ కథ. ఆ కథనే శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' అని తెలుగులో కావ్యంగా రాసినాడు. విజయనగరం రాజు తెలుగులో రాసిన కథ మన జిల్లాలోని ఒక పూలతోటలో జరిగింది! మనం తెలుగు మీడియంలో చదివేవాళ్ళం, ఆ సంగతి మనకైనా గుర్తుండాలి.

సరే, తోటను కాపాడుకోవాలి. ఎవరి నుంచి? ఇక్కడే మొదటి గలాటా. పొద్దున లేచి చూసి చెట్టు మొండిగా ఉంటే చాలు, "దుప్పి తినింది" అని తేల్చేస్తారు. మా వీధిలో చెట్లు మేసే దుప్పుల్లో సగం మెడకు గంట కట్టుకుని వస్తాయి. రాత్రిపూట మేకలను కట్టెయ్యకుండా వదిలిపెట్టి, తెల్లారినాక దుప్పుల మీద చెప్పేవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. పెంట చూసి కనుక్కుంటాం అంటే అదీ కష్టమే. మేక పెంటా దుప్పి పెంటా దాదాపు ఒకటే మాదిరి ఉంటాయి.

కొమ్మను చూస్తే కొంత తెలుస్తుంది. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. దుప్పికి ముందరి పైపళ్ళు ఉండవు. కింది పళ్ళతో పట్టుకుని, పై చిగురుకు అదిమి లాగుతుంది. అందుకే దుప్పి తిన్న కొమ్మ చివర పీచుపీచుగా చిరిగి ఉంటుంది. మేక కూడా అంతే అనుకోండి. కానీ మేక పగలు వస్తుంది, పిలిస్తే తిరిగి చూస్తుంది! ఎంత ఎత్తులో తినిందో కూడా చూడాలి. మా అవ్వ చుక్కలు ఉండేదాన్ని దుప్పి అంటుంది, చుక్కలు లేని పెద్దదాన్ని కణితి అంటుంది. అరవంలో కణితిని మిళా అంటారు. మనం పిల్లలం మాత్రం రెండింటినీ కలిపి 'మాన్' అని ఊరుకుంటాం. పేరు పోతే తేడా కూడా పోతుంది. దుప్పులు గుంపుగా, మునిమాపు వేళా తెల్లవారుజామునా ఎక్కువ మేస్తాయి. కణితి బాగా రాత్రి అయినాక, ఒకటో రెండో వస్తాయి, ఎత్తుగా ఉండే కొమ్మలను కూడా అందుకుంటాయి. ఏది వచ్చిందో తెలియకుండా కంచె వెయ్యడం, ఏ జబ్బో తెలియకుండా మాత్ర మింగడం లాంటిదే.

ఇప్పుడు అవి ఎందుకు దిగి వస్తున్నాయో చూద్దాం. "అడవోళ్ళు పెంచి మన మీదికి వదుల్తున్నారు" అని ఒక పెద్దాయన మా నాయనతో గట్టిగా వాదించినాడు. 1988లో ఇక్కడ చాంపల్ ఉడతల అభయారణ్యం వచ్చింది. 2021 ఫిబ్రవరిలో దాన్నీ మేఘమలైనీ కలిపి శ్రీవిల్లిపుత్తూరు మేఘమలై పులుల అభయారణ్యం అని ప్రకటించినారు. దేశంలో అది 51వది, తమిళనాట అయిదోది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. పులుల అభయారణ్యం వచ్చినందువల్ల దుప్పులు ఎక్కువైనాయని ఆయన లెక్క. ఇది తలకిందుల లెక్క. దుప్పిని తినేదే పులి, చిరుత, రేచుకుక్క. అవి లేనిచోట ఏమవుతుందో తెలియాలంటే హవాయి దీవులను చూడాలి. 1860ల్లో మన దేశపు దుప్పులను అక్కడి రాజుకు కానుకగా పంపినారు. అక్కడ పులీ లేదు, చిరుతా లేదు. ఇప్పుడు అక్కడ తోటలూ పొలాలూ మేసి పారేస్తున్నాయని మైళ్ళకొద్దీ కంచెలు కడుతున్నారు. అండమాన్‌లో కూడా తెల్లదొరలు దుప్పులను వదిలి ఇదే తిప్పలు తెచ్చిపెట్టినారు. మన కొండ మీద పులి ఉండడం మన పూలచెట్లకు మేలేగానీ కీడు కాదు.

మరి కారణం ఏమిటి? ఒకటి ఎండాకాలం. మన జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి కొండవాగులు ఎండుతాయి, గడ్డి మాడిపోతుంది. కింద పిలవక్కల్ ఆనకట్ట, కొబ్బరితోటలు, మామిడితోటలు, రోజూ నీళ్ళు పోసే మన పూలమడులు పచ్చగా కనపడతాయి. ఆకలైనది పచ్చగా ఉండేచోటికి వస్తుంది.

రెండో కారణం వింటే మీకు నవ్వు వస్తుంది, తర్వాత సిగ్గు వేస్తుంది. కొండ కింద ఎక్కడ చూసినా గుత్తులు గుత్తులుగా ఎర్రవి, పసుపువి పూసే కంప ఉంది గదా, లంటానా. అరవంలో ఉన్నిచెడి అంటారు. అది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండపు వేడి ప్రాంతాలది. రెండు వందల ఏళ్ళ కిందట తెల్లదొరలు తోటలో అందంగా ఉంటుందని కలకత్తాకు తెచ్చి నాటినారు. అంటే పూలతోట చెట్టే! పిట్టలు పండ్లు తిని గింజలను దేశమంతా చల్లినాయి. ఇప్పుడు మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో నూటికి నలభై వంతుల చోటును అది ఆక్రమించిందని 2020లో వచ్చిన ఒక పరిశోధనలో తేల్చినారు. అది దట్టంగా అల్లుకున్నచోట గడ్డి మొలవదు. దాని ఆకును దుప్పి తినదు, తింటే పశువులకే విషం. మనుషుల తోటలోని చెట్టు అడవిలోకి పోయి దుప్పి గడ్డిని తీసేసుకుంది. గడ్డి పోయిన దుప్పి మనుషుల తోటలోకి వచ్చింది. ఇందులో ముందు గోడ దూకింది ఎవరు?

మూడోది మన చేతిపని. అమావాస్యకూ పున్నానికీ చతురగిరి ఎక్కేదానికి వేలమంది తాణిప్పారై దగ్గర దిగుతారు. 2025లో పక్కనుండే కూమాపట్టి పేరు ఫోన్లలో మారుమోగినాక ఊరికే చూసిపోయేవాళ్ళు కూడా వచ్చినారు. వచ్చినవాళ్ళు రావచ్చు. కానీ కోతికి బిస్కెట్టు, దుప్పికి అరటిపండు తొక్క ఇచ్చి ఫోటో తీసుకుంటారు. మనిషి దగ్గర తిండి దొరుకుతుందని ఒకసారి నేర్చుకున్న జంతువు మనిషి ఇంటికి రాకుండా ఎట్లా ఉంటుంది? ఫోటో వాళ్ళకు, మేత మా అవ్వ మల్లెలు.

ఇప్పుడు కరెంటు సంగతి. ఇంటి ప్లగ్గులో నుంచి తీగ లాగి కంచెకు చుట్టడం ఈ పక్క పల్లెల్లో జరుగుతోంది. ఇది నేను కల్పించి రాయడం లేదు. మా వీధికి రెండు వీధుల అవతల ఒక తోటలో అట్లా కట్టినారు. దుప్పి చావలేదు. ఆ ఇంటివాళ్ళ సొంత కుక్కే చచ్చింది. ఆ కంచె పక్కనుంచే చిన్నపిల్లలు బాలవాడికి నడిచిపోతారు. ఆ ఇంటివాళ్ళ పేరు నేను రాయను, కానీ "రాత్రి పదికి వేసి, తెల్లారి అయిదుకు తీసేస్తాం గదా, పిల్లలకేమి భయం" అని వాళ్ళు చెప్పిన సమాధానం మాత్రం రాస్తాను. తీసెయ్యడం ఒక్కరోజు మర్చిపోతే? తెల్లవారుజామున పొలానికి నీళ్ళు కట్టేదానికి పోయేవాళ్ళ సంగతేమిటి? మా అవ్వ లాంటివాళ్ళు మొగ్గలు కోసేదానికి లేచేది నాలుగున్నరకు.

ఇంట్లో వచ్చే కరెంటు 230 వోల్టులు. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోతుంది, వదలాలన్నా రాదు. సౌరశక్తి కంచె అని అమ్ముతారే, అది వేరు. దాంట్లో సెకనుకు ఒకసారి, రెప్పపాటు కంటే తక్కువ సేపు మాత్రమే దెబ్బ వస్తుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. సౌర కంచె కట్టాలన్నా అటవీ శాఖ దగ్గర నమోదు చేయించాలని 2023లో తమిళనాడు ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. అదే సంవత్సరం మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర ఒక పొలంలో దొంగగా కట్టిన కరెంటు కంచెకు తగిలి మూడు ఆడ ఏనుగులు చచ్చిపోయినాయి. రెండు పిల్ల ఏనుగులు మాత్రం మిగిలి తల్లుల చుట్టూ తిరుగుతా ఉన్నాయి. ఆ ఫోటో చూసి మా తరగతిలో అందరూ అయ్యో అన్నారు. అదే పిల్లలు ఇప్పుడు "మా మామ కూడా కట్టినాడు" అని గొప్పగా చెప్పుకుంటున్నారు. మన కొండలో కూడా ఏనుగులు ఉన్నాయి, కొబ్బరితోటల్లోకి దిగుతాయి. దుప్పికని కట్టిన తీగ, వచ్చింది ఏనుగా మనిషా అని చూసి కొట్టదు.

చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకి ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టినా, విషం పెట్టినా, చంపినా వేటే. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం కరెంటు దొంగతనానికి మూడేళ్ళ దాకా జైలు వెయ్యొచ్చు. నాలుగు మందార కొమ్మలకు ఇంత తలకెత్తుకోవాలా?

"మరి పందులను కాల్చమన్నారు గదా, దుప్పిని ఎందుకు కాల్చకూడదు?" అని ఒక అన్న అడిగినాడు. నిజమే, 2025 జనవరిలో అడవిపందుల గురించి మన ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కానీ ఆ అన్న దాన్ని సగమే చదివినాడు. అడవికి మూడు కిలోమీటర్లు దాటి వచ్చిన పందులనే కాల్చొచ్చు, అదీ అటవీ శాఖవాళ్ళే. అడవి అంచు నుంచి ఒక కిలోమీటరు లోపల దాన్ని చంపే మాటే లేదు. మన ఇళ్ళు చాలా వరకు ఆ అంచునే ఉన్నాయి. పందికే ఇన్ని హద్దులు పెట్టినప్పుడు, దుప్పిని కాల్చమని ఎవరు రాసిస్తారు? తెలంగాణవాళ్ళకైతే అది రాష్ట్ర జంతువు కూడా.

కరెంటు వద్దు, తుపాకి వద్దు, మరి ఏమి చెయ్యాలి అని అడుగుతారు. అడగాలి కూడా. వద్దు అని చెప్పి ఊరుకునేవాళ్ళంటే నాకూ కోపమే.

మా ఇంట్లో ఏది పనికి వచ్చిందో, ఏది రాలేదో చెప్తాను. పాత చీరలు చుట్టూ కట్టినాం. గాలికి ఆడతాయి గదా, రెండు మూడు వారాలు బాగానే భయపడినాయి. తర్వాత చీర పక్కనే నిలబడి మేసినాయి. క్షవరం అంగడి నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లినాం. ఒక్క వాన పడేదాకానే దాని బలం. కుళ్ళిన కోడిగుడ్డు నీళ్ళలో కలిపి చల్లితే మాత్రం నిజంగా దగ్గరికి రాలేదు. మేము కూడా తోట దగ్గరికి పోలేదు, అది వేరే సంగతి! పైగా పూజకు కట్టే పూల మీద గుడ్డు చల్లేదానికి అవ్వ ఒప్పుకోలేదు, చుట్టూ గట్టు మీద మాత్రమే చల్లనిచ్చింది. వాన పడితే మళ్ళీ చల్లాలి.

నిలిచింది కంచె, ఇంకా చెట్లను నాటే వరస. దుప్పి ఆగాలంటే ఏడెనిమిది అడుగుల ఎత్తు ఉండాలి. అంత ఎత్తు కట్టేదానికి అందరి దగ్గరా డబ్బు ఉండదు. దానికి ఒక ఉపాయం ఉంది. నాలుగు అడుగుల కంచెలు రెండు, మధ్యలో నాలుగు అడుగులు ఎడం విడిచి కట్టాలి. ఎత్తు దూకగలదు, వెడల్పు దూకగలదు, రెండూ ఒకేసారి అంటే వెనకాడుతుంది. మధ్యలో దిగితే మళ్ళీ ఎగరడానికి చోటు చాలదని దానికి తెలుసు. బయటి వరసకు కిత్తనార, జెముడు నాటితే చాలు, డబ్బు ఖర్చు లేదు. కానీ మనవాళ్ళు చేసే పెద్ద తప్పు, కంచె కింద సందు వదలడం. చుక్కల దుప్పి దూకేదాని కంటే కింద దూరేదానికే ముందు చూస్తుంది. కాబట్టి కింద ముళ్ళకంప దట్టంగా తొక్కి పెట్టాలి. నైలాను చేపల వల మాత్రం కట్టొద్దు. మగదుప్పి కొమ్ములు చిక్కుకుని, పెనుగులాడి అక్కడే చస్తుంది, మీ తోటను కూడా పీకి పెడుతుంది.

చెట్ల వరస ఎట్లా అంటే, దుప్పికి మందారం, గులాబీ, మల్లె చిగురు అంటే మనకు మైసూరుపాకు లెక్క. వాటిని ఇంటి గోడకు దగ్గరగా, లోపల పెట్టాలి. బిళ్ళగన్నేరు, తులసి, మరువం, నిమ్మగడ్డి, కలబంద బయటి వరసలో ఉండాలి. ఘాటు వాసన, చేదు దానికి పడవు. గన్నేరు కూడా తినదు. కానీ గన్నేరు ఆకు మేకకూ ఆవుకూ పిల్లలకూ విషమే, చిన్నపిల్లలు ఉండే ఇంట్లో నాటొద్దు. బాగా ఆకలైతే ఏ దుప్పి అయినా ఏ ఆకైనా రుచి చూస్తుంది, అది కూడా చెప్పకపోతే అబద్ధం అవుతుంది. మా ఇంట్లో ఈ వరస మార్చి రెండు ఎండాకాలాలు అయింది. బయటి తులసి రెండు మూడుసార్లు విరిగింది. మల్లెలు మిగిలినాయి.

ఇది ఇంటి పని. ఊరి పని ఇంకా ఉంది, దాని గురించి ఎవరూ నోరు తెరవరు. ఊళ్ళోకి వచ్చిన దుప్పి ఎక్కువగా ఎట్లా చస్తుందో తెలుసా? వీధికుక్కలు తరుముతాయి, లేకపోతే గోడలేని బావిలో పడుతుంది. కుక్కలతో పాటు మనమూ అరుచుకుంటా తరుముతాం. తరిమిన భయానికే, ఒంటి మీద గాయం లేకుండానే చచ్చిపోయే జంతువు అది. చీకట్లో దుప్పి పడే బావిలో పిల్లవాడు పడడా? మన చుట్టుపక్కల కొబ్బరితోటల్లో గోడలేని బావులు ఎన్ని ఉన్నాయో, ఈ పత్రిక చదివే ప్రతి ఇంటివాళ్ళకు కనీసం ఒకటి తెలుసు.

కొండ కింద లంటానా పీకడానికి పని ఇప్పించమని, ఎండాకాలం రాకముందే అడవిలోని తొట్లలో నీళ్ళు నింపమని, దారి పక్క బావులకు గోడ కట్టమని అడగాలి. పల్లె పంచాయతీల్లో ఆగస్టు 15న గ్రామసభ పెడతారు, ఎవరైనా లేచి అడగవచ్చు. ఓటు ఉండే పెద్దవాళ్ళు అడిగితే రాసుకుంటారు, మా వయసువాళ్ళం అడిగితే "కూర్చో పాపా" అంటారు. అందుకే అమ్మలను, నాయనలను, మా అయ్యవార్లను అడుగుతున్నాను. ఈసారి మీరు పోయినప్పుడు మమ్మల్ని కూడా పిలుచుకుని పోండి. మా తరగతిలో ఏడుగురం మా ఊరి నుంచి తాణిప్పారై దారి దాకా గోడలేని బావులను లెక్కపెట్టి, ఏ తోట పక్కన, దారికి ఎన్ని అడుగుల దూరం అని నోటుబుక్కులో రాసి పెట్టినాం. ఇప్పటికి పద్నాలుగు అయినాయి. ఆ నోటుబుక్కు పెద్దవాళ్ళు ఎవరు అడిగినా ఇస్తాం.